నిలబడి గీసిన గీత

నది తొమ్మిది మెట్లు మింగి నలభై రోజులు దిగకుండా కూర్చున్న వరద వెళ్ళిన మరుసటి ఏడు. ఎండలు ముదిరాయి. నీళ్ళ పండగ అయిపోయి పది రోజులు దాటింది. రేవులో పడవలు కట్టే సవేంగ్ పట్నం ఆసుపత్రిలో కేన్సరుకి కరెంటు పెట్టే గది బయట బల్ల మీద కూర్చుని, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నాడు. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. అది వెలిగినంతసేపూ లోపల ఒక మనిషి ఒంటరిగా పడుకుని ఉంటాడు, మిగతావాళ్ళందరూ గోడ ఇవతలికి వచ్చేస్తారు. దీపం ఆరితే తలుపు తెరుచుకుంటుంది, ఇంకో పేరు పిలుస్తారు. సవేంగ్ ముందు ఆరుగురున్నారు. మనిషికి ఎనిమిది నిమిషాలు, అందులో కరెంటు రెండు నిమిషాలే, మిగతా ఆరూ పడుకోబెట్టడానికీ సరిచూడడానికీ లేవదీయడానికీ. అంటే గంట కంటే కాస్త తక్కువ. ఈలోపల తేల్చుకోవాలి. రొమ్ము మీద గీతలు తప్పాయి. తప్పిన గీతల మీద ఎనిమిదిసార్లు కరెంటు పడింది. ఆ గీతలు గీసింది ఆసుపత్రివాళ్ళు కాదు, తను. ఆ సంగతి తనకు తెలిసింది ఈ పొద్దునే, ఇంకెవరికీ తెలియదు. చెప్పాలా, నోరు మూసుకుని తొమ్మిదోసారి కూడా వెళ్ళి పడుకోవాలా.

పక్కన భార్య తోంగ్‌బై ఒళ్ళో జావ గిన్నె పెట్టుకుని కునుకు తీస్తోంది. గిన్నె మూతకి గుడ్డ కట్టింది. జావ నిన్న సగం దాకా దిగి ఆగిపోయింది, ఎదురొమ్ము వెనక ఎక్కడో, ఇసుకలో దిగబడ్డ పడవలాగా, ముందుకీ పోదు వెనక్కీ రాదు. వారం కిందట అలా లేదు. మొదటి మూడు వారాలూ కరెంటు పెట్టాక మెత్తటి అన్నం కూడా దిగింది, తోంగ్‌బై చేప ముల్లు తీసి పెడితే ఒక రోజు చేప కూడా తిన్నాడు, ఆమె ఆ రోజు బౌద్ధ విహారానికి వెళ్ళి పూలు పెట్టి వచ్చింది. ఇప్పుడు మళ్ళీ జావ. కరెంటు వేడికి లోపల వాచి ఉంటుంది, తగ్గుతుంది అని ఆమె అంటోంది. అతను ఊఁ అన్నాడు. నిన్నటిదాకా అతనూ అదే అనుకున్నాడు.

ఎంతకాలం పడుతుందని మొదటి రోజు అడిగింది ఆమే. అతను అడగలేదు. రేవులో నలభై ఏళ్ళుగా పడవ ఎప్పటికవుతుందని వచ్చినవాళ్ళందరూ అతన్ని అడిగారు, ఎవరికీ నిజం చెప్పలేదు, చెప్పడానికి తనకే తెలిసేది కాదు, అందుకే ఇంకొకర్ని అడగాలంటే సిగ్గు. అన్నం దిగే గొట్టంలో పుండు, కత్తి పెట్టే చోటు కాదు, కరెంటు పెడదాం అన్నాడు డాక్టరు. ముప్ఫైసార్లు. వారానికి ఐదు రోజులు, శని ఆదివారాలు సెలవు, ఆరు వారాలు పడుతుంది, మధ్యలో పండగ వస్తోంది కాబట్టి ఏడనుకోండి. “ఇన్నాళ్ళు ఎందుకు బాబూ, ఒక్కసారే గట్టిగా పెట్టెయ్యకూడదా, ఇంటి దగ్గర కోళ్ళున్నాయి” అంది తోంగ్‌బై. డాక్టరు నవ్వలేదు. ఒక్కసారే పెడితే మంచి కండ కూడా చచ్చిపోతుందమ్మా, కొంచెం కొంచెం పెడితే మంచిది రాత్రికి తేరుకుంటుంది, చెడ్డదానికి తేరుకోవడం చేతకాదు, అందుకే రోజూ కొంచెం. ఒక్కటే మాట, మధ్యలో ఆపకూడదు, ఎక్కువ రోజులు ఆపితే చెడ్డది కూడా తేరుకుంటుంది అన్నాడు. సవేంగ్‌కి అది వెంటనే తలకెక్కింది. పడవ పలకని మంట మీద వంచడం అంతే కదా, కొంచెం కాచి, తడిపి, బరువు వేలాడదీసి, మర్నాడు ఇంకొంచెం. తొందరపడితే ఫట్‌మంటుంది. మధ్యలో వదిలేస్తే మర్నాటికి మళ్ళీ తిన్నగా సాగి కూర్చుంటుంది. ఆపకూడదు. ఆ ఒక్క మాటా మేకులా దిగింది. తరవాత జరిగినదంతా ఆ మేకుకే తగులుకుంది.

దీపం ఆరింది. లోపలినుంచి ఒక ముసలమ్మ గోడ పట్టుకుని వచ్చింది. ఇంకో పేరు పిలిచారు. ఇక ఐదుగురు.

ఎదుటి బల్ల మీద ప్రయూన్ కూర్చుంది, సంతలో ఊరగాయ మామిడి అమ్మే మనిషి, ఆమెకి పొట్ట కింద. చేతికి కూర సంచులు కట్టే రబ్బరు బద్దీలు వేసుకుంటుంది, ఎన్నిసార్లు మిగిలి ఉంటే అన్ని, లోపలికెళ్ళి వచ్చినప్పుడల్లా ఒకటి తీసి కిటికీలోంచి విసిరేస్తుంది. ఇవాళ చేతికి నాలుగున్నాయి. “అక్కోయ్, నీ మొగుడు ఇవాళ కూడా నోరు విప్పడా. ఓలి కింద నోరు అత్తగారింట్లో ఇచ్చేసి వచ్చాడేమో” అంది. తోంగ్‌బై కళ్ళు తెరవకుండానే, “పెళ్ళిలో ఒకసారి మాట్లాడాడు తల్లీ, దాంతోనే నలుగురు పిల్లలు” అంది. బల్ల మీద వాళ్ళు నవ్వారు. సవేంగ్ కూడా నవ్వినట్టు మొహం పెట్టాడు. ప్రయూన్ పక్కన చోటు ఖాళీగా ఉంది. అక్కడ బస్సు తోలే ఆయన కూర్చునేవాడు, మెడ మీద గీతలు, సోమవారంనుంచి రావడం లేదు. ఎవరూ ఆ చోట కూర్చోరు, అడగరు కూడా. సెలవిచ్చారు అంటుంది ప్రయూన్. ఎలాంటి సెలవో చెప్పదు. ఆయన గీతలు కూడా మధ్యలో ఒకసారి చెరిగాయి, చెమటకి. మళ్ళీ మొదటినుంచి కొలవాలన్నారు, కొలిచే పెద్ద యంత్రం దగ్గర వరస దొరికేసరికి తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజులూ ఆయన ఈ బల్ల మీదకే వచ్చి ఊరికే కూర్చుని వెళ్ళేవాడు. ఆపకూడదని డాక్టరన్న మాట, ఆయన తొమ్మిది రోజులు ఆగడం, తరవాత ఈ ఖాళీ చోటు. సవేంగ్ ఆ మూడింటినీ పక్కపక్కన పేర్చుకున్నాడు. పేర్చుకోకుండా ఉండాల్సింది.

మొదటి రోజు లోపల చల్లగా ఉంది. ఉరై అనే పిల్ల, తన చిన్నకూతురికంటే చిన్నది, అతన్ని గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ము మీద ఊదా సిరాతో నాలుగు పలకల గడి గీసింది, మధ్యలో అడ్డంగా నిలువుగా రెండు గీతలు. కుడివైపు గీత వెంట్రుకవాసి వంకర పోయింది, అతను చూశాడు. “ఈ గీతల మీదే కరెంటు పడుతుంది పెదనాన్నా. చెరపకండి. నీళ్ళు తగలనివ్వకండి. పలచబడితే మీరేం చెయ్యొద్దు, మాకు చెప్పండి, మేం దిద్దుతాం” అంది. ఆమె అటు తిరగ్గానే అతను పడుకునే ఉండి గొంతు గుంటనుంచి పై గీతకి ఎన్ని వేళ్ళో, అక్కణ్ణుంచి కింది గీతకి ఎంతో కొలుచుకున్నాడు. ఎందుకూ అంటే చెప్పలేడు. గీత కనబడితే కొలుస్తాడు. చేతికి అదొక జబ్బు. ఐదు వేళ్ళు. ఆపైన జానెడు. బళ్ళో మూడేళ్ళు చదివి మరిచిపోయాడు గానీ ఒకసారి కొలిచింది మరవలేదు. రేవులో అతన్ని గీత తప్పని సవేంగ్ అంటారు. సిరాలో ముంచిన దారం లాగి వదిలితే నలభై అడుగుల మానుమీద కూడా గీత ఈ కొసనుంచి ఆ కొసకి పడాల్సిన చోటే పడుతుంది. ఆ పేరు విని విని తనే నమ్మాడు.

ఇంకో పేరు. నలుగురు.

పండగకి ఆసుపత్రి మూశారు, ఐదు రోజులు, ముందూ వెనకా శని ఆదివారాలు. పదిహేనుసార్లు అయ్యాయి, సగం. ఇంటికి వెళ్ళారు. పండగ మూడో రోజు ఇంటి పెద్దకి నీళ్ళు పొయ్యాలి, మామూలుగా అయితే భుజాల మీదా చేతుల మీదా మల్లెపూల నీళ్ళు నాలుగు చుక్కలు, పిల్లలు తప్పులు మన్నించమంటారు, పెద్ద దీవిస్తాడు, అంతే. ఈసారి అలా జరగలేదు. వచ్చే ఏడు ఈ పీట మీద ఎవరు కూర్చుంటారో అని ఎవరూ అనలేదు గానీ అందరి మొహాల్లోనూ అదే ఉంది, అందుకే పిల్లలు నలుగురూ దూరాలనుంచి వచ్చారు, మనవలు వరస కట్టారు, పెద్ద జాడీలతో తెచ్చారు, నడినెత్తిమీదనుంచి పోశారు. ముందు పోసింది తోంగ్‌బై. చొక్కా విప్పించింది. పసుపూ చింతపండూ కలిపి వీపు తోమింది, రొమ్ము తోమింది, మొహం అటు తిప్పుకుని తోమింది, ఏడుస్తూ ఉందేమో, గీతలు చూడలేదు. అతను చూశాడు. ఊదా నీళ్ళు పొట్టమీదుగా పంచెలోకి జారుతున్నాయి. వద్దని ఒక్క మాట అంటే ఆగేది. కానీ నీళ్ళు వద్దన్న పెద్ద దీవెన ఇవ్వనట్టే, పిల్లల తప్పులు వాళ్ళ మీదే మిగిలిపోతాయి, పీటమీద కూర్చున్నవాడు ఆ మాట అనడు. అతను చేతులెత్తి అందర్నీ దీవించాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, సుఖంగా ఉంది, అది కూడా నిజమే.

సాయంత్రం కొట్లో ఊదామందు చిన్న సీసా కొన్నాడు, పిల్లల నోటిపూతకి రాసేది, అదే రంగు. పెరట్లో పెద్ద అద్దం ముందు నిలబడి వెదురు పుల్ల కొస చీల్చి సిరాలో ముంచాడు. చర్మం అప్పటికింకా మాడలేదు, పాత గీతల ఆనవాలు లేదు. ఐదు వేళ్ళు. జానెడు. నీడ కూడా కదలకుండా ఊపిరి బిగబట్టి గీశాడు. ఉరై గీసినదానికంటే తిన్నగా వచ్చింది. చూసి కొంచెం గర్వపడ్డాడు కూడా. ఆపకూడదన్నారు, ఆపలేదు, ఒక్క రోజు పోలేదు, ఎవరికీ తెలియలేదు, తోంగ్‌బై బాధ పడాల్సిన పని లేకుండా పోయింది. సెలవుల తరవాత మొదటి రోజు ఉరై అడిగింది, “పండగలో తడవలేదు కదా పెదనాన్నా.” లేదన్నాడు. ఆ పిల్ల యంత్రంలోంచి పడే వెలుగు గడిని అతని గడి మీదకి తెచ్చి అంచుకి అంచు సరిచూసింది. “ఈ వరసలో అందరికంటే మీ గీతలే బావున్నాయి” అంది.

ముగ్గురు.

ఈ పొద్దున ఏమైందంటే, ఏమీ కాలేదు. ఆసుపత్రి వెనక విహారంలో దూరపు ఊళ్ళవాళ్ళకి వసారా ఇస్తారు, అక్కడ కుళాయి దగ్గర గోడకి అద్దం ఉంది, గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు, ఎండ ఏటవాలుగా రొమ్ము మీద పడింది. గీతల లోపల చర్మం మాడింది, అది అందరికీ మాడుతుంది, చింతగింజ రంగు. కానీ ఆ మాడిన ముక్క గడిలో ఇమడలేదు. కింది గీత దాటి కిందికి వేలున్నర మందం నలుపు బయటపడి ఉంది. పైన గీత దగ్గర అంతే మందం నలుపు లేదు, కొత్త ఎరుపు ఉంది. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోకుండా జారినట్టు. మొదటి పదిహేనూ ఒక చోట పడ్డాయి, తరవాతి ఎనిమిదీ ఇంకో చోట. గడ్డం కత్తి చేతిలో అలాగే ఉంది. కొలత తప్పలేదే అనుకున్నాడు. ఐదు వేళ్ళు, జానెడు, మళ్ళీ కొలిచాడు, అద్దంలో సరిగ్గానే ఉంది. అప్పుడు తెలిసింది. మొదటి కొలత పడుకుని కొలిచాడు. రెండోది నిలబడి. మాను నిలబెట్టినా పడుకోబెట్టినా మానే, దాని తోలు దాన్ని వదలదు. మనిషి తోలు, అందులోనూ డెబ్బై ఏళ్ళ తోలు, అందులోనూ రెండు నెలలుగా తిండి సరిగా దిగక చిక్కినవాడి తోలు, నిలబడితే కిందికి వేలాడుతుంది, పడుకుంటే వెనక్కి జారుతుంది, గీతని తనతో పాటు మోసుకుపోతుంది, మెడ వైపుకి. ఏ పడవవాడూ బతికుండి కదిలే చెక్క మీద గీత గీయలేదు. తను గీశాడు. నలభై ఏళ్ళ చెయ్యి, దానికి అది తప్ప తెలియదు.

కింది వేలున్నర ఎనిమిదిసార్లు కాలకుండా ఉండిపోయింది. పుండు కింది కొస అక్కడే ఉంటే. జావ ఆగుతున్నది అక్కడే. ఆపకూడదన్నాడు డాక్టరు, ఆపితే చెడ్డది తేరుకుంటుందన్నాడు. పైన ఆపలేదు, కింద ఆగిపోయింది. ఇన్నాళ్ళూ లోపల అది ఏం చేస్తూ ఉంది, తను ఇక్కడ బల్ల మీద కూర్చుని వాళ్ళ నవ్వులు వింటూ ఉంటే. చెబితే పెద్ద యంత్రం, మళ్ళీ కొలవడం, తొమ్మిది రోజులు, ఆ ఖాళీ చోటు. చెప్పకపోతే ఇంకా ఏడుసార్లు మాత్రమే ఉన్నాయి, పైన నిప్పు, కింద చీకటి. ఇంకొకటి ఉంది. చెబితే ఎలా చెరిగాయని అడుగుతారు. తోంగ్‌బై పక్కనే ఉంటుంది. ఆ చేతులు చూసుకుంటుంది. తను పోయాక కూడా చూసుకుంటుంది, నీళ్ళు తోడినప్పుడల్లా, పిల్లలకి తలంటినప్పుడల్లా. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి అతని తల ఆగిపోతోంది, మళ్ళీ మొదటికి పోతోంది, ఐదు వేళ్ళు, జానెడు. తోంగ్‌బై కళ్ళు తెరిచి, “ఏవయ్యా, మొహం అలా పెట్టావేం, నొప్పా” అంది. కాదని తలూపాడు. “ఇంకెన్నాళ్ళు, ఇది కాక ఆరు. పై శుక్రవారం తరవాతి సోమవారానికి ఇంట్లో ఉంటాం. కోళ్ళని పక్కింటిది మాడ్చి చంపి ఉంటుంది” అంది. ఆమె గొంతులో సంతోషం ఉంది. అది వినలేకపోయాడు.

ప్రయూన్ వెళ్ళి వచ్చింది, బద్దీ విసిరేసింది. ఇంకొకాయన వెళ్ళాడు. దీపం వెలిగింది, ఆరింది.

“సవేంగ్ పెదనాన్నా.”

చెప్పులు విప్పాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. బల్ల చల్లగా వీపుకి తగిలింది, పడుకోగానే రొమ్ము మీద తోలు మెల్లిగా మెడ వైపుకి జరగడం తెలిసింది, ఇన్ని రోజులూ జరిగింది, ఇవాళ మాత్రమే తెలిసింది, నీటిలో దింపిన పడవ ఒరిగినట్టు. ఉరై దీపం తగ్గించింది. వెలుగు గడి అతని మీద పడింది. “కొంచెం పైకి. అంతే. కదలకండి పెదనాన్నా.” ఆమె మొహం పైన తలకిందులుగా ఉంది, నుదుటి మీద చిన్న చెమట చుక్క. ఇప్పుడు. నోరు తెరిచాడు. గొంతులో ఉమ్మి అడ్డం పడింది, మింగాడు, దిగలేదు. “ఏమన్నా కావాలా” అంది ఆమె. లేదన్నాడు. అడుగులు దూరం వెళ్ళాయి. బరువు తలుపు మూసుకుంది. తరవాత ఆ మోత, ఎక్కడో గోడలో పెద్ద కందిరీగ గూడు ఉన్నట్టు. నొప్పి ఉండదు. వేడి కూడా తెలియదు. ఆ తెలియని వేడి పడవలసిన చోట పడడం లేదని ఒక్కడికే తెలుసు, ఆ ఒక్కడూ కదలకుండా పడుకుని ఉన్నాడు, కదిలితే తప్పు కాబట్టి. నూట ఇరవై దాకా లెక్కపెట్టాడు. లోపల ఆ వేలున్నర చోటు తనని వింటోందనిపించింది. మోత ఆగింది. తొమ్మిది.

ఆ సాయంత్రం జావ దిగలేదు, గిన్నె అలాగే తోంగ్‌బై కడిగేసింది.

మర్నాడు పొద్దున వెలుతురు బాగా వచ్చాక సవేంగ్ వసారాలో చాప మీద చొక్కా విప్పి వెల్లకిలా పడుకున్నాడు. వాకిలి ఊడ్చే చీపురులోంచి ఒక ఈనె పీకి ఛాతీ మీద పెట్టుకుని, “ఇలా రా” అన్నాడు. తోంగ్‌బై వచ్చి కూర్చుంది. “ఈ కొస కింది గీత మీద పెట్టు. నలుపు ఎక్కడ ఆగిందో అక్కడ విరువు. నొక్కకు, తోలు కదులుతుంది.” ఆమె ఈనె పెట్టింది. చూసింది. చాలాసేపు చూసింది. గీతలకేసి, తన చేతులకేసి, మళ్ళీ గీతలకేసి.

“ఆ రోజు నీళ్ళు పోసింది నేనే కదయ్యా.”

“గీసింది నేను” అన్నాడు సవేంగ్. “విరువు.”

విరిచింది. ఇద్దరూ ఆసుపత్రికి నడిచారు, దారిలో ఆమె అతని చొక్కా అంచు పట్టుకునే ఉంది, అతను వదిలించుకోలేదు. కరెంటు గది వైపు వెళ్ళలేదు. డాక్టరు గది తలుపు తీసేసరికి ముందు వాళ్ళే ఉన్నారు. ఏమిటని డాక్టరు తలెత్తాడు. సవేంగ్ ఆ ఈనె ముక్క ఆయన కాగితాల మీద పెట్టాడు.

“ఇంత తప్పింది” అన్నాడు. “తొమ్మిదిసార్లు. గీతలు నేను గీసుకున్నాను.”

డాక్టరు ఈనె ముక్కకేసి వంగాడు. సవేంగ్ గుండీలు విప్పి, ఎవరూ చెప్పకుండానే, గోడ పక్కనున్న బల్ల ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు.